హార్మోనియం పెట్టె – తెలుగు పద్యం

మొయినాబాదు నుండి చేవెళ్లకు పోయే బీజాపూరు రహదారికి ఇరువైపులా ఊడలు దింపుకొని నిలిచిన మర్రిచెట్లు ఈ ప్రాంతంవారికి చిరపరిచితాలు. బాట వెడల్పు వ్యవహారంలో వాని గతి ఏమగునన్న తగవు హరిత న్యాయస్థానం వరకు పోయిన సంగతి పాఠకులు పత్రికలలో చదివే ఉంటారు. ఆ నీడలో బస్సులో కళాశాలకు పోయివచ్చుట నాకు చాలా ఏండ్ల అలవాటు. ఒకనాటి ఉదయం మా విద్యార్థిని ఒకతె, మొయినాబాదు సమీప గ్రామం నుండి వచ్చే బాలిక, ప్రక్క సీటులో కూర్చుండి ఏదో పాట వింటున్నది. నన్ను చూచి లేవబోయి, మానుకొని, చెవిలోని తీగ తీసి నా చేతికిచ్చినది.

"సార్, ఇది వినుండ్రి. ఇండ్ల గిటారు లేదు, ఒక్క పెట్టెనే. మా తాత హార్మణి లెక్కనే ఉన్నది."

విన్నాను. ఇంగ్లీషు పాట. పియానో మెట్లమీద ఒకే దరువు ఆగకుండా పడుతున్నది. దానిమీద ఒక యువకుని కంఠం పైస్థాయికి ఎగబ్రాకుతున్నది. పియానో వేరు, హార్మోనియం వేరు. మొదటిది తీగలను చిన్న సుత్తులతో కొట్టి పలికించేది. రెండవది గాలిని లోహపు నాలుకలమీదుగా త్రోసి పలికించేది. ఈ భేదం చెప్పి ఆ పిల్లను సరిదిద్దబోయి ఆగినాను. పిల్లలు చెప్పినదానిలో ఒక తప్పు కనిపించగానే తక్కిన నిజం వినిపించకపోవుట మా వృత్తిలో ఉన్న దురభ్యాసం. గిటారు లేకుండా మెట్లపెట్టె ఒక్కటే పాట భారమంతా మోయుట ఆమెకు వింతగా తోచినది. అందులో తాత జ్ఞాపకం వచ్చినది. ఆమె మాటలో సారమదే. ఆ పాట కథ ఏమిటో తెలుసుకొన్న తరువాత నాకు ఆమె పోలిక మరింత సమంజసంగా కనిపించినది.

ఆ పాట కీన్ అనే బృందానిది. దక్షిణ ఇంగ్లండులో ససెక్సు ప్రాంతాన బాటిల్ అనే చిన్న పట్టణం ఉన్నది. 1066లో నార్మనులకూ ఆంగ్లేయులకూ హేస్టింగ్సు యుద్ధం అక్కడనే జరిగినందువల్ల ఆ ఊరికి యుద్ధమనే పేరే మిగిలిపోయినది. టిమ్ రైస్ ఆక్స్‌లీ, టామ్ చాప్లిన్, రిచర్డ్ హ్యూస్ ఆ ప్రాంతంలోనే పెరిగిన స్నేహితులు. గాయకుడు చాప్లిన్ ఒక ప్రధానోపాధ్యాయుని కుమారుడు. బడిపంతుళ్ల బిడ్డలు పాటగాళ్లగుట అక్కడ కూడ ఉన్నదన్నమాట. డొమినిక్ స్కాట్ అనే గిటారు వాద్యకునితో కలిసి వీరు 1990వ దశకంలో బృందంగా ఏర్పడినారు. 1998 జూలై 13న లండనులోని హోప్ అండ్ యాంకర్ అనే పానశాలలో తొలిసారి ప్రేక్షకుల ముందు పాడినారు. తరువాత మూడేండ్లపాటు వారిని పట్టించుకొన్నవారు లేరు. 2001లో స్కాట్ బృందాన్ని విడిచిపెట్టి వెళ్లినాడు.

బ్రిటిషు పాప్ సంగీతంలో బీటిల్సు కాలం నుండి గిటారుదే పెత్తనం. గిటారు లేని బృందమంటే మృదంగం లేని కచేరీ వంటిది. మరొకరైతే వెంటనే ఇంకొక గిటారు వాద్యకుని కోసం ప్రకటన వేయించేవారు. వీరు వేయలేదు. పాటలు కట్టే రైస్ ఆక్స్‌లీ పియానో వాద్యకుడు. గిటారు చేయవలసిన పనినంతా పియానోకే ఒప్పగించినాడు. అయితే కచేరీలకు పెద్ద పియానోను మోసుకొనిపోవుట ఎవరి తరం? వారు వాడినది యమహా సి.పి. 70 అనే 1970 దశకపు వాద్యం. అందులో నిజమైన తీగలు, నిజమైన సుత్తులు ఉంటవి. ధ్వనిని పెంచే చెక్కపలక మాత్రం ఉండదు. తీగల కంపనాన్ని విద్యుత్తు అందుకొని పెంచుతుంది. రెండు ముక్కలుగా విడదీసి బండిలో వేసికొనవచ్చును. మన నాటక కంపెనీలవారు వింటే మెచ్చుకొనే సదుపాయం! ఆ ధ్వనిని అతడు గిటారువారు వాడే గరగర యంత్రాలలోనుంచి పంపి, పియానోకు గిటారు బొంగురును కూడ తెచ్చిపెట్టినాడు.

2003లో ఫియర్స్ పాండా అనే చిన్న సంస్థ వారి పాట ఒకటి విడుదల చేసినది. 2004 ఫిబ్రవరిలో వెలువడిన 'సమ్‌వేర్ ఓన్లీ వియ్ నో' బ్రిటిషు జాబితాలో మూడవ స్థానానికి చేరినది. మా విద్యార్థిని వినిపించినది అదే. అదే సంవత్సరం మే నెలలో వచ్చిన తొలి సంపుటి 'హోప్స్ అండ్ ఫియర్స్' మొదటి స్థానంలో నిలిచినది. 2005లో బ్రిట్ బహుమానాలలో ఉత్తమ బ్రిటిషు సంపుటి బహుమానం దానికి వచ్చినది. రైస్ ఆక్స్‌లీని అంతకు ముందెప్పుడో కోల్డ్‌ప్లే బృందపు క్రిస్ మార్టిన్ తమతో చేరి మెట్లు వాయించుమని పిలిచినాడట. అతడు కాదన్నాడు. ఆ కాదనుటలోనే ఈ కథ అంతా ఉన్నదేమో. ఇంకొకరి గిటారు వెనుక కూర్చుండి స్వరాలందించుటకూ, తన పెట్టెను ముందుకు జరిపి కూర్చుండుటకూ చాలా దూరం ఉన్నది.

మన దేశంలో పెట్టె ముందుకు జరిగి నూరేండ్లు దాటినది.

హార్మోనియం పుట్టుపూర్వోత్తరాలు చిత్రమైనవి. గాలికి కదలే నాలుక అనే సూత్రం చీనా దేశంలోని షెంగ్ అనే ప్రాచీన వాద్యంలో ఉన్నది. 1780లో కోపెన్‌హాగెన్ పండితుడు క్రాట్జెన్‌స్టైన్ మనుష్యుల అచ్చులను, అనగా అ, ఇ, ఉ మొదలగు ధ్వనులను, యంత్రంచేత పలికించి సెయింట్ పీటర్సుబర్గు అకాడమీ బహుమానం పొందినాడు. ఆ యంత్రంలో ఉన్నవీ ఇట్టి నాలుకలే. భాషాశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు ఈ మాట తరగతిలో చెప్పవచ్చును: హార్మోనియానికి పూర్వికుడొకడు పాట పాడుటకు కాక, అక్షరం పలుకుటకు పుట్టినాడు. 1840 దశకం ఆరంభంలో పారిసు నగరంలో డెబెన్ అనే శిల్పి నేటి పేరుతో వాద్యాన్ని తయారుచేసినాడు. దానికి కాళ్లతో తొక్కే తిత్తులుండేవి. కుర్చీలో కూర్చుండి రెండు చేతులతోను వాయించేవారు. క్రైస్తవ మిషనరీలతోను, దొరల ఇండ్లలోను అది మన దేశానికి వచ్చినది. పియానో మన ఎండలకు, వానలకు శ్రుతి తప్పుతుంది. హార్మోనియం అంత తేలికగా తప్పదు.

1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ ఘోష్ కాళ్లు తీసివేసినాడు. తిత్తిని పెట్టె వెనుకకు తెచ్చి, ఎడమచేతితో ఊది, కుడిచేతితో వాయించేటట్లు మార్చినాడు. చాపమీద కూర్చుండేవానికి అది ఒడిదగ్గర అమరినది. ఈ మార్పులోని గంభీరత ఆలోచింపదగినది. ఆ వాద్యానికి హార్మోనియమని పేరు వచ్చుటకు కారణం హార్మొనీ, అనగా అనేక స్వరాలు ఏకకాలంలో కలిసి పలుకుట. మన సంగీతంలో ఆ పద్ధతి లేదు. ఒక చేయి తిత్తికి పోయినది కనుక రెండు చేతుల స్వరమేళనానికి అవకాశమూ లేకపోయినది. పేరుకు మూలమైన గుణాన్ని తీసివేసి, పేరును మాత్రం ఉంచుకొని, మనం దానిని మన వాద్యంగా చేసికొన్నాము. తెలుగులో అన్యదేశ్యాలు తద్భవాలైన తీరు కూడ ఇట్టిదే. మా చేవెళ్ల పల్లెలలో అది హార్మణి అయినది. ఇంకా దగ్గరివారికి ఒట్టి పెట్టె.

తెలుగు నాటకానికి ఈ పెట్టె చేరిన కాలం కూడ సరిగా ఆ పదిపదిహేనేండ్లే. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజంవారు రాజమహేంద్రవరం వచ్చి ఆడినారు. వారిని చూచి, వారు విడిచిన పాకలోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ విద్యార్థులచేత నాటకమాడించినారని చెప్పుకొంటారు. పార్సీ కంపెనీలు, ధార్వాడ కంపెనీలు తమ పాటలతోపాటు కొత్త వరుసలనూ తెచ్చినవి. 1885లో కడప మండలంలోని సురభి గ్రామంలో వనారస వంశీయులు 'కీచకవధ' ఆడినారు. అంతవరకు తోలుబొమ్మలాడించిన కుటుంబాలవారు ఆనాడు బొమ్మలను ప్రక్కనబెట్టి తామే రంగస్థలమెక్కినారు. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు 'చిత్రనళీయము' ఆడించి పాటలకూ పద్యాలకూ రంగంమీద పీట వేసినారు. తరువాత చిలకమర్తివారి 'గయోపాఖ్యానము', తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతకవి 'హరిశ్చంద్ర' వరుసగా వచ్చినవి. పద్యనాటక యుగమని మనమిపుడు సాహిత్యచరిత్రలలో ఒక అధ్యాయంగా చదువుకొంటున్నది అదే. ఆ అధ్యాయంలో కవుల పేర్లున్నవి, నటుల పేర్లున్నవి. రంగం ముందు ప్రక్కగా కూర్చుండిన హార్మోనిస్టు పేరు మాత్రం ఉండదు. నాటి కరపత్రాలలో నటుల పేర్ల క్రింద ఆ పేరు తప్పక వేసేవారు. దానిని చూచి నాటకానికి పోయిన రసికులూ ఉండేవారు. పుస్తకాలకెక్కేసరికి జారిపోయినది.

పద్యానికి వీణ ఉండగా, ఫిడేలు ఉండగా, ఈ విదేశీపెట్టె ఏల తోడయినది? నాకు తోచిన కారణాలు చెబుతాను.

మొదటిది, మైకులు లేని కాలం. వేలమంది కూర్చున్న పందిరిలో వీణ వినిపించదు. పెట్టె చివరి వరుసకు వినిపిస్తుంది. రెండవది, శ్రుతి. హార్మోనియంలో తెల్లమెట్లను ఒకటి, రెండు, మూడు అని లెక్కించి, నడుమనున్న నల్లమెట్లను ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర అని పిలుస్తారు. "ఆయన అయిదు శ్రుతిలో పాడతాడు" అంటే అయిదవ తెల్లమెట్టును షడ్జంగా పెట్టుకొన్నాడని అర్థం. కాంట్రాక్టు నాటకాలు వచ్చిన తరువాత ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు వేషం కట్టేవారు, రంగానికొక కృష్ణుడు. ఒకనిది నాలుగు, ఇంకొకనిది అయిదున్నర. ఫిడేలైతే తీగలు బిగించవలె. హార్మోనిస్టు చేయి రెండంగుళాలు జరిపితే చాలును.

మూడవ కారణం ఛందస్సుకు సంబంధించినది, ఉపాధ్యాయులు గమనింపదగినది. కీర్తనకు తాళమున్నది. పద్యానికి గణాలున్నవి గాని, పాడునపుడు తాళం లేదు. ఉత్పలమాలను నటుడు తన ఊపిరిని బట్టి, అర్థాన్ని బట్టి సాగదీస్తాడు, త్రుంచుతాడు. ఆ సమయంలో తబలా చేతులు కట్టుకొని కూర్చుంటుంది. గాయకునికి తోడున్నది పెట్టె ఒక్కటే. అతడు ఏ పదం దగ్గర ఆగుతాడో హార్మోనిస్టుకు ముందే తెలియవలె. ఇక్కడ యతిస్థానం అతనికి ఉపయోగపడదు. సంస్కృతంలో యతి విరామం. తెలుగులో అది అక్షరమైత్రి మాత్రమే. పదవ అక్షరం దగ్గర వళి కుదిరినదని ఏ తెలుగు నటుడూ అక్కడ ఊపిరి తీసికొనడు. మాట మధ్యలో పడవచ్చును. అర్థం ఎక్కడ విరిగితే అక్కడనే ఆగుతాడు. కనుక పద్యానికి అర్థం తెలియనివాడు మంచి హార్మోనిస్టు కాలేడు. బడి చదువు లేని హార్మోనిస్టులకు వందల పద్యాల అన్వయం తెలిసి ఉండుటకు కారణమిదే. పరీక్షలో ప్రతిపదార్థం వ్రాయలేని మా విద్యార్థులను చూచినపుడు నాకు ఈ సంగతి గుర్తుకు వస్తూ ఉంటుంది.

గ్రామఫోను రికార్డులు వచ్చిన తరువాత కపిలవాయి రామనాథశాస్త్రి వంటివారి కంఠాలు పెట్టెతో సహా ఊరూరికీ చేరినవి. మూడు నిమిషాలలో రికార్డు ముఖం అయిపోతుంది. పద్యానికి అది చాలును. అక్షరం రాని పశులకాపరి నోట రాయబారపు పద్యం పలికినదంటే దారి ఇదే. 'హరిశ్చంద్ర' కాటిసీనులో బలిజేపల్లివారి పద్యాలతోపాటు జాషువా మహాకవి శ్మశానవాటి పద్యాలను నటులు చేర్చుకొని పాడినారు. ఆ పద్యాలు పాఠ్యపుస్తకాలకన్న ముందు, అంతకన్న ఎక్కువమందికి, పందిళ్లలో తెలిసినవి. ఊరి వెలుపల పుట్టిన కవిని ఊరి నడుమ నిలిపి 'వన్స్ మోర్' అనిపించినది హార్మోనియం వాయించిన ఆ రంగమే. దీనిని చిన్న విషయమని నేను అనుకొనను.

ఇంత చేసిన పెట్టెను పెద్దలు తిట్టినంతగా మరి ఏ వాద్యాన్నీ తిట్టలేదు. నిందలో న్యాయమూ ఉన్నది. మెట్టుకూ మెట్టుకూ నడుమ ఏమీ లేదు. మన రాగాల ప్రాణమంతా ఆ నడుమనే ఉన్నది. తోడిలోని గాంధారం ఊగుతుంది. పెట్టెమీద అది నిలుచుండిపోతుంది. రవీంద్రనాథ ఠాకూరు శాంతినికేతనంలో దీనిని పనికిరాదన్నారు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించినది. స్వాతంత్ర్యం వచ్చినా ఆ నిషేధం పోలేదు. 1971లో మాత్రం కొంత సడలినది. ముప్పది యేండ్లు ఒక వాద్యానికి దేశబహిష్కారం వంటి శిక్ష! రేడియోలో నోరు మూయించిన ఆ ముప్పది యేండ్లలోనే ఆంధ్రదేశపు పందిళ్లలో అది తెల్లవార్లూ మ్రోగినది.

మన రంగంమీదనే బళ్లారి రాఘవగారు రాగాల నాటకాన్ని ఒప్పుకొనలేదు. చావుబ్రతుకుల నడుమనున్న పాత్ర కల్యాణిరాగం ఎత్తుకొనుటేమిటని ఆ పక్షం వారి ప్రశ్న. ఎం.ఏ. చదివే రోజులలో నేనూ ఈ పక్షమే. పద్యానికి హార్మోనియం చేసిన అపకారమని ఒక వ్యాసం వ్రాసి మా గురువుగారి మెప్పు పొందినాను. పద్యం చివరి అక్షరాన్ని పట్టుకొని అయిదు నిమిషాలు రాగం తీయుటను కవిత్వహత్య అని వర్ణించినాను. మాట ఘాటుగా ఉన్నదని ఆనాడు సంతోషించినాను. నేటికీ అందులో సగం నిజమని నా అభిప్రాయం. రాగం పద్యాన్ని మ్రింగిన సందర్భాలు కొల్లలు. కాని మిగిలిన సగం నాకు ఆనాడు తెలియదు. ఏ నాటకాన్నీ పూర్తిగా రాత్రంతా కూర్చుండి చూడకుండానే వ్రాసినాను. ఇది ఒప్పుకొనవలసిన మాట.

కృష్ణా, గుంటూరు, గోదావరి మండలాల పద్యనాటకమే హార్మోనియం కథ అంతా కాదు. తెలంగాణంలో దాని బ్రతుకు వేరు. ఇక్కడ పెట్టె యక్షగానంలో, చిరుతల రామాయణంలో, భజన మండలిలో ఒదిగినది. చెర్విరాల భాగయ్య కవి యక్షగానాలు ఊరూర ఆడినవారు కవి పండితులు కారు. వ్యవసాయం చేసికొనేవారు, చేతివృత్తులవారు. పంట చేతికి వచ్చిన తరువాత నాటకం నేర్పే పంతులు ఒకడు ఊరికి వచ్చేవాడు. నెలల తరబడి ఉండి, పెట్టె వాయిస్తూ దరువులు నేర్పి, చివర రెండు మూడు రాత్రులు ఆడించి, ఇంకొక ఊరికి పోయేవాడు. చిరుతల రామాయణంలో చిరుతల చప్పుడు కాలికి, పెట్టె గొంతుకు. ఇక్కడ రాగాల పోటీ లేదు. పదిమంది ఒక్క గొంతుగా పాడుటకు ఒక ఆధారం కావలె, అంతే.

మాకు సమీపంలోనే ఇంకొక ధారయు ఉన్నది. శేరిలింగంపల్లిలో సురభివారు స్థిరపడినారు. ఒక కాలంలో ముప్పదికి పైగా సమాజాలుగా విస్తరించిన ఆ వంశంలో 1937లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి మనకు బాగా తెలిసినది. దానిని నడిపిన బాబ్జీగారు, అనగా రేకందార్ నాగేశ్వరరావుగారు, 2013లో పద్మశ్రీ పొంది, 2022లో కీర్తిశేషులైనారు. తెలుగు తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' నాయిక కమలాబాయి ఆ సురభి బిడ్డయే. మా విద్యార్థులను ఒకమారు వారి 'మాయాబజారు'కు తీసికొనిపోయినాను. పిల్లలందరూ నిప్పులు, మాయలు, లడ్డూలు చూస్తుండగా, మొయినాబాదు పిల్ల మాత్రం రంగం ముందు కూర్చున్న హార్మోనిస్టు చేతులనే చూస్తున్నది. ఆనాడు కారణం నాకు తెలియదు.

బస్సులో పాట విన్న నెలకు కళాశాల వార్షికోత్సవం వచ్చినది. ఆ బాలిక రాయబారంలోని కృష్ణుని పద్యం పాడుతానన్నది. ఆడపిల్ల కృష్ణవేషమా అని మాలో ఒకరు సందేహించినారు. సురభిలో స్త్రీలు పురుషవేషాలు ధరించుట ఉన్నదే అని నేను చెప్పగా ఆ ఆక్షేపణ ఆగినది. తోడు వాద్యమేది అన్న ప్రశ్నకు నేను గట్టిగా నిలువలేకపోయినాను. ముందే నింపి ఉంచిన సంగీతాన్ని ఫోనులోనుంచి వినిపిస్తే చాలుననీ, ఖర్చు లేదనీ, ఈ రోజులలో ఎవరూ హార్మోనియం తేరనీ కమిటీలో అన్నారు. నేను తలయూపినాను. అభ్యాసంనాడు సంగీతం మొదలైనది. ఆమె మొదటి పాదం చక్కగా ఎత్తుకొన్నది. రెండవ పాదంలో ఒక పదం దగ్గర ఊపిరి కోసం ఆగినది. సంగీతం ఆగలేదు. ఆమె తొందరపడి అందుకొన్నది. మూడవ పాదంలో మరల వెనుకబడినది. నాలుగవ పాదం పాడకుండానే దిగివచ్చినది. పద్యం తప్పలేదు, శ్రుతి తప్పలేదు. తోడు ఆమె కోసం ఒక క్షణం నిలువలేదు, అంతే. ఏ గ్రంథంలోను చదువని విషయం ఆ రెండు నిమిషాలలో నాకు బోధపడినది.

మరునాటి ఆదివారం ఆమె ఊరికి పోయినాను. చామంతి తోట ప్రక్కన ఇల్లు. తాతగారికి ఎనుబది ఏండ్లకు దగ్గర. యౌవనంలో ఊరికి వచ్చిన నాటకం పంతులు దగ్గర పెట్టె నేర్చి, చిరుతల రామాయణానికీ, శనివారం భజనకూ వాయించినవారు. భజన మండలిలో కొందరు కాలం చేసినారు, కొందరు భూములమ్ముకొని పట్నం చేరినారు. అయిదారేండ్లుగా పెట్టె అటకమీద ఉన్నది. మనుమరాలు దించి తుడిచి పెట్టినది.

నేను నా పాత వ్యాసం సంగతి కూడ దాచకుండా చెప్పినాను. పెట్టె పద్యాన్ని మ్రింగుతుందని వ్రాసినానన్నాను. ఆయన నవ్వినారు.

"నిజమే సారూ. ఎచ్చులకు పోయెటోని చేతుల పెట్టె పడితె మింగుతది. మా పంతులు ఒక్కటే చెప్పెటోడు. పాడెటోడు ఊపిరి తీసుకునే సందుల నువ్వు మాట్లాడాలె, వాడు మాట్లాడంగ నువ్వు ఊకోవాలె అని."

తరువాత మనుమరాలి వంక తిరిగినారు. "ఎంతల పాడుతవు బిడ్డా?"

ఆమెకు తెలియదు. తెలుగు వాచకంలో పద్యాలు పదేండ్లు చదివిన పిల్లకు తన గొంతు ఏ శ్రుతిలో ఉన్నదో ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆయన ఎడమచేతితో తిత్తి కదిపినారు. పాత తోలు మూలిగినది. ఒక మెట్టు నొక్కి పాడుమన్నారు, గొంతు క్రిందబడినది. ఇంకొకటి; పైకి పోయి చీలినది. నల్లమెట్టు ఒకటి నొక్కినారు. ఆమె ఎత్తుకొన్నది. పద్యం మొదటి పాదం ఇంటి వసారాలోనుంచి తోట దాకా పోయినది. ఊపిరికి ఆమె ఆగిన చోట పెట్టె మూడు స్వరాలు పలికి, మరల ఆమె అందుకొనగానే తగ్గిపోయినది. పాదం ముగిసేసరికి ఇద్దరూ ఒక్క చోటనే ఉన్నారు.

"అయిదున్నర" అన్నారాయన.

వార్షికోత్సవానికి పెట్టె వస్తున్నదని కమిటీకి వ్రాసి ఇచ్చినాను. మధ్యస్థాయిలో ఒక తెల్లమెట్టు మాత్రం పలుకుట లేదు. రీడు మార్పించుటకు హైదరాబాదు పోవలె. అది కుదరకపోయినా, ఆ స్వరాన్ని తప్పించి వాయిస్తానని ఆయన అన్నారు.